తిరుగు సీటు

నారిచ్, ఇంగ్లండ్
ఆగస్టు 3

ఎడ్గర్ హాల్‌కెట్ గారికి,

నమస్కారం. ఫాక్‌లాండ్ దీవుల్లో మీ ఇంటి వెనకే పెంగ్విన్లు గూళ్ళు పెడతాయనీ, మీరు ఒక గది అద్దెకిస్తారనీ విన్నాను. డిసెంబరులో వద్దామనుకుంటున్నాను. నాకు అరవై ఏళ్ళు. మోకాళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి. ఎన్నాళ్ళుంటానో వచ్చాక చెబుతాను.

ఇట్లు,
హెస్టర్ ప్రౌట్

తా.క.: నేను బాగా మాట్లాడతాను. ఇబ్బందైతే ముందే చెప్పండి.

*

కెల్ప్ పాయింట్
ఆగస్టు 22

మిస్ ప్రౌట్ గారికి,

గది ఉంది. పెంగ్విన్లు ఉన్నాయి. స్టాన్లీ పట్నం నుంచి చిన్న విమానంలో రావాలి. ఇక్కడ ఫోన్లు లేవు, ఏ మాటైనా రేడియో సెట్లోనే, కాబట్టి మీ పేరూ చిరునామా ఇచ్చి సీటు అందులోనే చెప్పాను. తిరుగు సీటు ఎప్పటికని స్టాన్లీ విమానాల ఆఫీసతను అడిగాడు. "ఆవిడ ఇష్టం, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు" అన్నాను.

మాటలకేం ఇబ్బంది లేదు. నాకు వినడం అలవాటే.

ఇట్లు,
ఎడ్గర్ హాల్‌కెట్

తా.క.: ఉత్తరపు గాలి వీస్తే వాసనకి కిటికీ మూసుకోవాలి. పెంగ్విన్లు చూడ్డానికి మాత్రం బాగుంటాయి.

*

నారిచ్
సెప్టెంబరు 14

ఎడ్గర్ గారికి,

నమస్కారం. మీ దీవుల నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి. ఒకావిడ నా వేలి కొలత అడిగింది. ఒకాయన, "మావాడు మంచివాడమ్మా, మాట్లాడకపోతే కోపమనుకోకు" అని రాశాడు. థైరా అనే ఆవిడ మాత్రం మూడంతస్తుల కేకులో ఎండుద్రాక్ష వెయ్యాలా వద్దా అని ఒకే ముక్క రాసి, సంతకం కింద కాగితం చిరిగేలా గీత గీసింది. మీ దగ్గర అతిథులందరికీ ఇంత మర్యాదా?

ఇట్లు,
హెస్టర్

తా.క.: వెయ్యమన్నాను.

*

కెల్ప్ పాయింట్
అక్టోబరు 2

హెస్టర్ గారికి,

తప్పు నాదే. ఇక్కడ ఒకరు రేడియోలో మాట్లాడితే అన్ని ఇళ్ళలోనూ వింటారు. దాన్నెవరూ తప్పనుకోరు. తిరుగు సీటు లేకుండా ఒక ఆడమనిషి మా ఇంటికొస్తోందంటే పెళ్ళికేనని తేల్చేశారు. కాదని రేడియోలోనే చెప్పాను. "సిగ్గుపడుతున్నాడర్రా" అంది ఎవరిదో గొంతు. మర్నాడు నలుగురొచ్చి ఇంటి కప్పుకి ఎర్ర రంగు వేసిపోయారు.

థైరా నీటి పాయకి అవతల ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి మాంసం వండేది. ఇప్పుడు రావడం లేదు. రేడియోలో పిలిస్తే, "కేకు పొయ్యిలో ఉంది" అని కట్టేస్తుంది. ఎప్పుడు పిలిచినా ఆ కేకు పొయ్యిలోనే ఉంటోంది.

మీరు వేరే దీవికి వెళ్తే మంచిదేమో. పెంగ్విన్లు అక్కడా ఉన్నాయి.

ఇట్లు,
ఎడ్గర్

తా.క.: ఆదివారాలు చాలా పొడుగైపోయాయి.

*

నారిచ్
అక్టోబరు 20

ఎడ్గర్ గారికి,

నన్ను రావద్దంటున్నారని ముందు కోపమొచ్చింది. ఉత్తరం ముక్కలుగా చింపాను. తర్వాత మీ తా.క. ఉన్న ముక్క ఏరుకుని మళ్ళీ చదివాను. అయ్యా, ఇన్నేళ్ళుగా ఆవిడ మాంసం వండటానికే వస్తోందనుకున్నారా? పాయ దాటి వెళ్ళి, ఎదురుగా నిలబడి అడగండి. రేడియోలో మాత్రం వద్దు.

ఇట్లు,
హెస్టర్

తా.క.: నేను మీ దీవికే వస్తున్నాను. ఆ కేకు చూడాలి.

*

కెల్ప్ పాయింట్
నవంబరు 7

హెస్టర్ గారికి,

మీరు చెప్పినట్టే బయల్దేరాను. పాయ పొంగి ఉంది. వెనక్కొచ్చి రేడియోలోనే అడిగాను.

"థైరా, ఆ కేకు నీకూ నాకూ అయితే ఎలా ఉంటుంది?"

ఎక్కడి నుంచో ఒక ముసలాయన, "ఒప్పుకోవే థైరా" అన్నాడు. స్టాన్లీ ఆఫీసతను, "త్వరగా తేల్చండి, వాతావరణ వార్తలు చదవాలి" అన్నాడు. అప్పుడు థైరా అంది:

"ఎండుద్రాక్ష ఆవిడ వెయ్యమంటే వేశాను. నీకు పడదు కదరా మొద్దూ. ఇప్పుడు ఇంకో కేకు చెయ్యాలి."

ఒప్పుకున్నట్టేనని అందరూ తేల్చేశారు. ఈసారి నేను కాదనలేదు.

మీరు దిగిన మర్నాడే పెళ్ళి. సాక్షి సంతకం మీరే పెట్టాలి.

ఇట్లు,
ఎడ్గర్

తా.క.: మొదటి కేకు మొత్తం మీకే. తిరుగు సీటు మాత్రం ఇప్పుడే తీసుకోమని థైరా రాయమంది.