గీత పడని రంగు

స్టూర్‌డాల్ లోయ,
సెప్టెంబరు 14

హాల్డోర్ అన్నకి,

సిగ్నే నమస్కారాలు. ఇక్కడ మన కరెంటు లైను గ్యాంగులో అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, రాగ్న వదినా, ఆ పద్నాలుగు గొర్రెలూ క్షేమమని తలుస్తాను.

నువ్వు పొద్దస్తమానం కంచెకి మేకులు కొడుతూ గొర్రెలతో తగువులాడుతున్నావని వదిన ఫోనులో చెప్పింది. గొర్రెలే గెలుస్తున్నాయట. కానీ శిక్షణ బడివాళ్ళు పాఠాలు చెప్పమని వస్తే, ఎర్తు పెట్టడమే మరిచిపోయినవాణ్ణి నేనేం నేర్పుతానని వాకిట్లోంచే పంపేశావటగా! అది విన్న పూట నాకు తిండి సయించలేదు. వాళ్ళు శుక్రవారం దాకా చూసి, ఇంకొకరిని పెట్టుకుంటారు. ఫోను చేస్తే మధ్యలోనే పెట్టేస్తావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ చోటికి ఆనె అని ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళు లాంచీ నడిపింది. టవరెక్కితే కింద నీళ్ళు లేవని భయమట! మొన్న మంగళవారం మా లైను ఆపేశారు, పక్క లైను నడుస్తోంది. కరెంటు తీసేశారుగా, మళ్ళీ ఈ ఎర్తు తీగ మోత దేనికని ఆనె సణిగింది. నువ్వు నాకు చెప్పిందే చెప్పాను. పక్క లైను ఊరుకోదమ్మా, ఆపిన తీగలోకీ కరెంటు ఎక్కిస్తుంది, నేలకి దిగే దారి నువ్వు చూపించకపోతే నీ ఒంట్లోంచే దిగుతుంది అన్నాను. ఆవిడ బుద్ధిగా తీగ కొసనున్న క్లాంపు తీసుకెళ్ళి టవరుకి బిగించింది. సరిగ్గా ఆకుపచ్చ పెయింటు మీద.

రంగుకి కాదు తల్లీ, ఇనుముకి పట్టించు, రంగులోంచి కరెంటు దిగదు అని అచ్చం నీలాగే అరిచాను. ఇద్దరం ఇనపబ్రష్షుతో ఇనుము మెరిసేదాకా గీకాం. దిగాక, ఈ అరుపులు నీకెవరు నేర్పారని అడిగితే నీ పేరు చెప్పాను. అయితే ఆయన దగ్గరే నేర్చుకుంటాను, నువ్వు మరీ గొంతు చించుకుంటున్నావు అంది.

అన్నా, నీ కుడిచెయ్యి సగమే మూసుకుంటుందని తెలుసు. నిన్ను టవరెక్కమని ఎవరూ అడగడం లేదు. నేలమీద నిలబడి తిట్టడానికి చెయ్యితో పనేముంది? సరేనని ఒక్క మాట చెప్పు.

నీ శిష్యురాలు,
సిగ్నే

తా.క. ఇంత రాసి అసలు సంగతి దాటేశాను. నువ్వేమీ మరిచిపోలేదు. కిందటి అక్టోబరులో ఆ పొద్దున టవరు వైపు క్లాంపు నా చేతికిచ్చి, రంగు గీకి పెట్టమన్నావు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. గీకకుండానే బిగించి, అయిందన్నాను. నా మాట నమ్మి నువ్వు లైను మీద చెయ్యి వేశావు, షాకు కొట్టింది. నిన్ను హెలికాప్టరు ఎక్కించాక పైకెళ్ళి చూస్తే రంగు మీద గీత కూడా పడలేదు. తీగ రెండు కొసలూ ఊడదీసి సంచిలో పడేశాను. నువ్వు ఎర్తే పెట్టలేదని పైవాళ్ళు రాసుకుంటుంటే నోరు మూసుకున్నాను. నీకు ఆ పొద్దు ఏదీ గుర్తులేదని తెలిసి ఊపిరి కూడా పీల్చుకున్నాను. అందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇవాళ ఉదయం ఆఫీసుకెళ్ళి ఉన్నదంతా చెప్పి సంతకం పెట్టాను. నీ తప్పు లేదని మార్చి రాస్తారు. నన్ను టవరు దింపేశారు. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని పరీక్ష నెగ్గాలట. సోమవారం ఆ బడిలో ముందు బల్ల మీద నేనే కూర్చుంటాను. నన్ను తిట్టడానికైనా రా.