జెండా పైదాకా లాగే బాధ్యత

అయోవా రాష్ట్రంలో న్యూ ఆల్బోర్గ్ అనే ఈ డేనిష్ వాళ్ల ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా కాపురముంటున్న, కీర్తిశేషులు గుడిమెట్ల పరంధామయ్య గారి భార్య నాగమల్లేశ్వరి అను నేను, ఒంట్లో ఓపిక లేకపోయినా బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా. చట్టానికి పనికొచ్చే ఇంగ్లీషు ప్రతి లాయర్ దగ్గరుంది. ఇది నా పిల్లల కోసం. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురు నమ్రతది. తమ్ముడు దివాకర్‌ను ఎదురుగా కూర్చోబెట్టి చివరిదాకా చదివి వినిపించాలి. మధ్యలో లేచిపోతే మళ్లీ మొదటినుంచి చదవాలి.

1. ఈ ఇల్లు నమ్రతకు, దివాకర్‌కు సమానంగా చెందుతుంది. అమ్మేయండి. ఏటా వాకిట్లో మంచు ఎత్తిపోసి నా నడుం పడిపోయింది. దీని మీద మమకారం ఏమీ మిగల్లేదు.

2. గుంటల పెనం నమ్రతకు. మేము వచ్చిన మొదటి చలికాలం పక్కింటి ఎల్సీ నీల్సన్ ఇచ్చింది. వాళ్లు అందులో తియ్యటి ఉండలు చేసుకుంటారు, నేను గుంటపొంగణాలు వేశాను. చర్చి విందుకు పట్టుకెళ్తే, ఉల్లిపాయా పచ్చిమిర్చీ కనబడుతున్నా జామ్ రాసుకునే తిన్నారు. బాగున్నాయన్నారు కూడా. పెనాన్ని సబ్బుతో తోమొద్దు.

3. ఒమాహాలో ఉండే వీరాంజనేయులు గారు పెళ్లి వంటకని మా గ్రైండర్ పట్టుకెళ్లి మరిచిపోయారు. ఇక ఆయనే ఉంచుకోవచ్చు. నేను మాత్రం మరిచిపోలేదని ఆయనకు తెలియజేయాలి.

4. నా అస్థికలు ఈ ఊరి శ్మశానంలోనే మీ నాన్నగారి పక్కన పెట్టండి. గోదావరిదాకా మోసుకెళ్లొద్దు. నాకిక ప్రయాణాలు చేసే ఓపిక లేదు.

5. దివాకర్‌కు ఎల్సీ పెరట్లోని జెండా తాడు. అది నా ఆస్తి కాదు, ఆమెను అడిగే రాస్తున్నాను.

నాయనా, మీ నాన్న పోయిన రోజు ఆమె తమ డెన్మార్క్ జెండాను, ఆ తెల్ల శిలువ ఉన్న ఎర్రజెండాను, సగానికి దించింది. దహనం చేసి మనం తిరిగొచ్చేసరికి అది స్తంభం కొసన ఎగురుతోంది. మా నాన్న పోతే మీకు పండగా అని ఆ ముసలావిడ మీద అరిచి, ఆ సాయంత్రమే రెడ్‌మండ్‌లో నీ ఇంటికి వెళ్లిపోయావు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. నిన్ను చూడాలంటే నేనే ఫ్లైట్ ఎక్కాల్సి వచ్చింది. చాలా అలిసిపోయాను.

మర్నాడు నేను వెళ్లి అడిగాను. పోయినవాళ్లను సాగనంపేదాకా జెండా సగంలో ఉంచుతారట, ఆ పని అయ్యాక పైదాకా లాగుతారట. "ఆయన్ని గౌరవంగా పంపించాం, ఇంక జెండా తల వంచుకుని ఉండకూడదు" అంది. నువ్వు ఈ ఊళ్లో పెరిగినవాడివి కాదు, తెలియకపోవడం తప్పు కాదు. అడక్కపోవడం తప్పు. చెప్పబోయిన ప్రతిసారీ "అమ్మా, ప్లీజ్, లీవ్ ఇట్" అని ఫోన్ పెట్టేశావు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దీన్ని మధ్యలో కట్ చేయలేవు.

ఎల్సీకి ఇప్పుడు కుడిభుజం లేవడం లేదు. నేను పోయిన రోజు జెండాను సగంలో కట్టడానికి చర్చివాళ్లు వస్తామన్నారు. పైకి లాగే పని మాత్రం వాళ్లకు అప్పగించలేదు. నువ్వు ఆ పెరట్లోకి వెళ్లి, ఆమె పక్కన నిలబడి లాగాలి. క్షమాపణలు అక్కర్లేదు. కాఫీ ఇస్తుంది, తాగు.

నువ్వు వచ్చేదాకా జెండాను సగంలోనే ఉంచమని ఆమెకు చెప్పాను.

న్యూ ఆల్బోర్గ్, 2013 అక్టోబరు 19.

(సంతకం) గుడిమెట్ల నాగమల్లేశ్వరి

సాక్షులు:
రాధారాణి, ఒమాహా
ఎల్సీ నీల్సన్, పక్కిల్లు (అర్థం చెప్పించుకుని, ఎడమచేత్తో సంతకం చేసింది)