సీతమ్మ కనిపించేదాకా

రాయపూర్, రైల్వే క్వార్టర్లు

తమ్ముడు నూకరాజుకి అక్క దీవెనలు.

ఇంజను ఆవిరికి ఒళ్లు కాలి మీ బావ ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన గట్టెక్కాలని మా అత్తగారు నాచేత సుందరకాండ పారాయణ మొదలెట్టించింది. తీరా చూస్తే పుస్తకాన్ని చెదలు తినేశాయి. చెబితే అపశకునమని హడలిపోతుంది. ఆవిడకు చూపు లేదు కనుక పాత పంచాంగం తిప్పుతూ, నాన్న నేర్పిన పద్యాలే అప్పజెబుతున్నాను. హనుమంతుడు లంక చేరేసరికి అవీ అయిపోయాయి. ఇక్కడ దొరికేవన్నీ హిందీ పుస్తకాలే.

"సీతమ్మ అగుపడిందేటే?" అని ఒకటే అడుగుతోంది. పారాయణ మధ్యలో ఆపకూడదురా. నాన్న పుస్తకం ఎవరిచేతనైనా వెంటనే పంపు.

ఇవాళ డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. ఏమన్నాడో రాయలేను. ఇంటికొచ్చి ఆవిడతో మాత్రం, హనుమంతుడు అశోకవనంలో అడుగుపెట్టాడని చెప్పాను.

అక్క