గంగపాయల కూర పీకని సుధామయి గారు

సార్నియా, కెనడా, జూలై 14

అక్కా,
నా నడుం నొప్పి తగ్గింది, బెంగపడకు. నా తోటపని బిజినెస్‌లో సాయానికి సుధామయి గారిని పెట్టుకున్నాను. ఆవిడ రిటైరైన పిల్లల డాక్టరు. మోకాళ్లు సహకరించిన రోజున, సహకరించినంతసేపు వస్తారు. మొదటిరోజే కస్టమర్ పెరట్లో కలుపంతా పీకి, గంగపాయల కూర మాత్రం వదిలేసి, దానికి నీళ్లు కూడా పోశారు!

"ఇక్కడ అదీ కలుపేనండీ!" అని అరిచాను.

"కూరను చెత్తలో వేయడానికి నాకు చేతులు రాలేదమ్మా," అన్నారు.

కస్టమర్‌కు సారీ చెప్పి, అంతా కోసి ఇంటికి తెచ్చాం. ఆవిడే పప్పు వండారు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నువ్వు అందులో చింతపండు వేస్తావా, మామిడికాయా? రాయి. బీపీ మాత్రలు మానకు. బావగారికి నమస్కారాలు.

రేపు ఇంకో పెరడు, నేనొక్కదాన్నే వెళ్లాలి. ఈసారి నాకూ చేతులు రావేమో.

నీ చెల్లి,
రాగిణి