ఆరు కాగితపు చేతులు

దీని చివర సంతకం చేసిన నేను, నలభై ఆరేళ్లదాన్ని, రికార్డు గది అధికారిని, లిఫ్టు మెకానిక్ భార్యను, ఒక కొడుకును కని, ఒక కూతురిని కనకుండానే పొందినదాన్ని, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, తెలివిలో ఉండి రాస్తున్న వీలునామా ఇది. తెలివిలోనే ఉన్నానని డాక్టరుగారు ఇచ్చిన కాగితం జతపరిచాను. మనసు నిలకడగా ఉందా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఇంతకుముందు రాసినవి రెండున్నాయి, రెండూ చెల్లవు.

రెండో విడత మందులు కూడా పనిచేయడం లేదని పోయిన మంగళవారం తెలిసింది. క్రిస్మస్ ఇంకా ఆరు వారాలుంది. అప్పటికి ఉంటానా అని అడిగితే డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అందుకే ఈ తొందర.

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా ఆఫీసు బైండరుగారిది. చిరిగిన ఫైలు అతికించడమే తప్ప చించడం ఎరగని మనిషి. అడిగినప్పుడు, "నాకెందుకమ్మా ఇంత బరువు, జిగురు డబ్బా తప్ప ఏదీ మోసినవాణ్ణి కాదు," అన్నారు. ఆ తర్వాత నా చిత్తు కాగితాలు తీసుకుని, అంచులు సరిచేసి, సరే అన్నారు.

2. ఆఫీసు నుంచి నాకు రావలసినవన్నీ మావారికి, పెద్దమ్మాయికి, చిన్నాడికి సమంగా. "పెద్దమ్మాయి" అంటే మావారి మొదటి భార్య కూతురు, పదహారేళ్లది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి దానికి ఆరేళ్లు. వాళ్లమ్మ పోయి అప్పటికి ఏడాది. "చిన్నాడు" నా కడుపున పుట్టినవాడు, తొమ్మిదేళ్లు. వాటాల్లో కన్న కనని తేడా ఎవరూ తేకూడదు.

3. మా అమ్మ ఇచ్చిన అద్దాల బీరువా మావారి అక్కగారికి, అంటే మా వదినగారికి. పదేళ్లుగా ఆవిడ వచ్చినప్పుడల్లా దాని తలుపు తీసి, వేసి, "ఇలాంటి పనితనం ఇప్పుడెక్కడిదీ," అనేవారు. నన్ను నా ముందు "అమ్మాయీ" అని, వెనకాల "ఫైళ్లావిడ" అని పిలిచేవారని నాకు తెలుసు. తెలిసే ఇస్తున్నాను. బీరువాతో పాటు పోయిన ఏడాది నేను కొన్న వెండిరంగు క్రిస్మస్ బంతులు నలభై కూడా ఆవిడే తీసుకెళ్లాలి. ఎంత ముచ్చటగా ఉన్నాయో అన్నది ఆవిడ ఒక్కరే.

4. ఈ క్లాజులో ఇచ్చేదేమీ లేదు. పారేసినదాని గురించి ఇది. ఒప్పుకోలుగా నమోదు చేయాలి.

పోయిన ఏడాది నవంబరు తొమ్మిదిన నా జబ్బు పేరు తెలిసింది. ఇంటికొచ్చి ఏడవలేదు, ఒక ఫైలు తెరిచాను. నేను గోడకు మేకు కొట్టని ఇళ్లలో పెరిగాను. నాన్నకు రెండేళ్లకో బదిలీ. క్వార్టర్సు గోడకు చిల్లు పడితే సంజాయిషీ రాసుకోవాలి. పండగ వస్తే అమ్మ గచ్చు ఇంకోసారి తుడిచేది, అంతే. నా పిల్లలకైనా ఏటేటా చేసుకునేది ఒకటి ఉండాలనీ, నేను లేకపోయినా డిసెంబరు రాగానే వాళ్ల చేతులు వాటంతటవే పనిలో పడాలనీ పదకొండు పేజీలు రాశాను. ఏ తలుపుకు ఏ ఆకుల దండ, ఏ కిటికీలో ఏ దీపం, నక్షత్రం నేలకు ఎన్ని అడుగుల ఎత్తు, అన్నీ బొమ్మలతో సహా. మావారు తిరగేసి, "ఇది క్రిస్మసా, లిఫ్టు బిగింపా?" అన్నారు. నవ్వుదామని అన్నారు, సగంలో ఆగిపోయారు.

డిసెంబరు రెండున అటక ఖాళీ చేశాను. పదేళ్లుగా ఎవరూ అడగని ఫైలును "కాలం తీరినది" అని రాసి చించేయించడం నా ఉద్యోగం. అటక మీద ఒక అట్టపెట్టె కనిపించింది. పైన వెలిసిపోయిన కాగితపు గొలుసులు, పగిలిన బల్బులు ఉన్నాయి. పదేళ్లలో దాన్ని ఎవరూ దించగా చూడలేదు. అడుగుదాకా చూడకుండానే "కాలం తీరినది" అని రాశాను. ఇంట్లో కూడా అదే పెన్ను, అదే చేతిరాత. పాత కాగితాలవాడు పట్టుకుపోయాడు.

అలంకరణ పూర్తయిన రోజు పెద్దమ్మాయి స్టూలెక్కి అటకలోకి చూసి, అమ్మ పెట్టె ఏదని అడిగింది. పాతవన్నీ తీసేశాననీ, ఇప్పుడు ఇల్లెంత బాగుందో చూడమనీ అన్నాను. ఆ మాటను ఇక్కడ మార్చి రాసుకోవచ్చు. మార్చడం లేదు.

పెట్టె అడుగున ఆరు కాగితపు చేతులున్నాయట. ఏటా క్రిస్మస్‌కు వాళ్లమ్మ పిల్ల చేతిని కాగితం మీద పెట్టి, చుట్టూ గీసి, కత్తిరించి గోడకు అంటించేదట. ఒకటో ఏడు నుంచి ఐదో ఏడు దాకా ఐదు చేతులు. నడుమ తన చెయ్యి. ఆవిడ పోయాక పెట్టెలోకి చేరినవాటిని అటక మీంచి ఎవరూ దించలేదు. పిల్ల మాత్రం ప్రతి క్రిస్మస్‌కు, మేం ప్రార్థనకు బయలుదేరుతూ చెప్పులు వెతుక్కునే హడావుడిలో, స్టూలెక్కి అమ్మ చేతి మీద తన చెయ్యి పెట్టి చూసుకునేదట. అంతకుముందు ఏడు వేలి కొసల దగ్గర గోరంత తక్కువొచ్చిందట. పోయిన క్రిస్మస్‌కు సరిపోవలసింది.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. "నీకు బాధేస్తుందని చెప్పలేదు పిన్నీ," అంది. అది నాతో మాట్లాడిన ఆఖరి పూర్తి వాక్యం అదే. ఆ తర్వాత ఊ, ఊహూ, అక్కడ పెట్టాను, అంతే.

మందు ఎక్కించుకున్న చేతికి దూది అలాగే ఉండగా పాత కాగితాల గోదాముకు వెళ్లాను. మూడుసార్లు వెళ్లాను. కట్టల మీద కూర్చుని, కనిపించిన అట్టపెట్టెనల్లా విప్పాను. "అమ్మా, అది ఎప్పుడో గుజ్జయిపోయుంటుంది, లేవండమ్మా, ఈ దుమ్ము మీకు పడదు," అని ఆ యజమాని తన కుర్చీ తెచ్చి వేశాడు. అతని దయ కూడా నాకు శిక్షలాగే అనిపించింది.

ఇంతకంటే నీచమైనది ఇంకొకటి చేశాను. మావారిని కూర్చోబెట్టి, పెద్దమ్మాయి వాళ్లమ్మ చెయ్యి మీ చేతిలో ఎంతమేర వచ్చేదో చూపించమన్నాను. ఆయన అరచెయ్యి చాపి, రెండో చేతి వేలితో ఒక గీత చూపించి, కాదని, ఇంకొంచెం కిందికి జరిపి, మళ్లీ కాదని, చివరికి పిడికిలి బిగించుకున్నారు. ఆ గీతల కొలతతో పద్నాలుగు చేతులు కత్తిరించాను. ఒకదాన్ని పాతబడినట్టు కనిపించాలని టీ నీళ్లలో కూడా ముంచాను. దాన్ని ఆరబెట్టి చూశాక అర్థమైంది. పోయిన రికార్డును పోయిందని రాయవచ్చు, దొంగ రికార్డు పుట్టిస్తే అసలుది ఒకటి ఉండేదన్న నిజమే పోతుంది. ఇరవై రెండేళ్లు ఈ ముక్క కిందివాళ్లకు చెప్పి, నేనే ఆ పనికి దిగాను. అన్నీ చించేశాను. నా బీరువాలో గాని పుస్తకాల్లో గాని ఎక్కడైనా కాగితపు చెయ్యి దొరికితే, అది వాళ్లమ్మది కాదు. ఆ ఆశ ఎవరూ పిల్లకు పెట్టవద్దు.

5. ~~పిల్లలిద్దరూ ఏటా క్రిస్మస్‌కు ఒకే ఇంట్లో, ఫైలులోని ప్రకారం అలంకరణ చేయాలి. చేయనివారికి వాటా~~

ఈ క్లాజు కొట్టేశాను. కొట్టివేత పక్కన సంతకం ఉంది, బైండరుగారు చూశారు. ఆచారాన్ని షరతుగా రాస్తే అది డ్యూటీ అవుతుంది. అయినా కొట్టేసిన అక్షరాలు కింద కనిపిస్తూనే ఉన్నాయి. బహుశా కనిపించాలనే ఒకే గీతతో కొట్టానేమో. నన్ను నేను నమ్మలేను.

6. ఇంటి అలంకరణ మీద పూర్తి అధికారం పెద్దమ్మాయిదే. ఏది పెట్టాలో, ఏది తీయాలో, అసలు గోడ బోసిగానే ఉంచాలో అది చెప్పినట్టే. నా పదకొండు పేజీలూ దాని సొరుగులో పెట్టాను. చదవనక్కర్లేదు, వెనకవైపు తెల్లగా ఉంది, లెక్కలు చేసుకోవచ్చు.

చిన్నాడికి ఒక కవరు. అందులో నా చెయ్యి ఉంది. సూదుల వల్ల వాచింది, అసలు కొలత కాదు. వాడికి చెప్పండి. గీస్తున్నంతసేపూ ఎవరి దగ్గర్నుంచో ఎత్తుకొస్తున్నట్టే ఉంది. అందుకని అక్క ఒప్పుకుంటేనే గోడకెక్కాలి. ఒప్పుకోకపోతే కవరులోనే ఉండనివ్వాలి. వాడు అక్కను విసిగించకూడదు. విసిగిస్తాడు, నాకు తెలుసు. ఒకసారికి క్షమించాలి.

7. మావారికి నా రేడియో, మా మంచం కిటికీ వైపు సగం. అటు పడుకోండి, గాలి బాగా వస్తుంది. ఇన్నేళ్లూ మీరు వదిలిపెట్టారు గనక నాకు తెలిసింది.

8. పై క్లాజులన్నీ దీనికి లోబడి ఉంటాయి.

పోయిన ఆదివారం నేను నిద్రపోతున్నాననుకుని వదినగారు వంటింట్లో పెద్దమ్మాయితో అన్న మాట: "నీ మూతిముడుపే దాన్ని లోపల్లోపల తినేస్తోందే. రేపు ఏదన్నా అయితే ఆ ఉసురు నీకే తగులుతుంది. అప్పుడు నెత్తి బాదుకున్నా లాభం లేదు." పిల్ల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు తిప్పే ఉంచింది. నాకు లేవడానికి ఓపిక లేకపోయింది. గొంతెత్తి పిలిచాను. పిలిచాననుకున్నాను, ఎవరికీ వినపడలేదు.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నా జబ్బుకో, దిగులుకో, చావుకో పెద్దమ్మాయి మౌనం కారణమని దానితో గాని, దాని వెనక గాని, వేళాకోళానికి గాని ఎవరు అన్నా, వదినగారైనా, మావారైనా, పెద్దయ్యాక చిన్నాడైనా, వారికి ఈ వీలునామా ప్రకారం పూచికపుల్ల కూడా చెందదు. వారి వాటా మిగిలినవారికి పోతుంది.

రుజువు: ఆసుపత్రి రిపోర్టు తేదీ నవంబరు తొమ్మిది. పెట్టె పారేసింది డిసెంబరు రెండు. పిల్ల మాట్లాడటం మానేసింది ఆ తర్వాత పద్దెనిమిది రోజులకు. ముందు జబ్బు, తర్వాత నా తప్పు, ఆ తర్వాతే దాని కోపం. ఈ వరుస ఎవరూ తిరగేయలేరు. నాకు చేతనైన పని ఇదొక్కటే తల్లీ, తేదీలు సరిచూడటం. నువ్వు మాట్లాడలేదు. మాత్రల వేళ ఒక్కటీ తప్పిపోనివ్వలేదు. నన్ను క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, అయినా అడుగుతున్నాను. క్షమించలేకపోతే అది కూడా నీ హక్కే, దానికీ ఈ సంతకం వర్తిస్తుంది. ఎప్పుడైనా, ఎవరైనా, నీలోంచి నువ్వే అయినా సరే, నీదే తప్పంటే ఈ పేజీ చూపించు. నాలుగు ప్రతులు తీయించి, నాలుగింటి మీదా ముద్ర వేయించాను. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

నవంబరు పదమూడు, గురువారం, పగలు పదకొండు గంటలకు, మా ఇంటి ముందుగదిలో.

(సంతకం) పిన్ని

సాక్షులు:
కింది అంతస్తు మందుల షాపాయన
ఎదురింటి లెక్కల టీచరుగారు. పూర్తిగా చదివాకే సంతకం చేస్తానని పట్టుబట్టి, చదివి, మంచినీళ్లు అడిగి తాగి, చేశారు.