రోజుకు పది చొప్పున

సోమవారం, ఉదయం 6.10
ఏడో తరగతి చదివే మా అమ్మాయికి లెక్కల్లో ఇరవై అయిదుకు ఆరు వచ్చాయి. లెక్కలు వాళ్లమ్మ చెప్పేది. ఆమె పోయి అయిదు నెలలు. నిన్న మా ఆవిడ అక్క, వదినగారు, వచ్చి తేల్చి చెప్పారు. శనివారం మళ్లీ పెట్టే పరీక్షలో పదిహేను రాకపోతే పిల్లను తన ఇంటికి తీసుకుపోతారట. అమ్మాయి వెళ్లనంది. నేనూ పంపనన్నాను.
నిర్ణయం: రోజుకు పది లెక్కల చొప్పున, శుక్రవారానికి యాభై.
పాఠం ఒకటే. ముందు ఒకదానికి ఎంతో కనుక్కోవాలి, తర్వాత కావలసినన్నిటికి హెచ్చవేయాలి. ఇంతేనా! ఇరవయ్యేళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను, రెండు వాక్యాల లెక్క చదవలేనా?

సాయంత్రం 5.00
మొదటి లెక్క. ‘ఒక కుళాయి 3 నిమిషాలకు 24 లీటర్లు నింపును. 7 నిమిషాలకు ఎన్ని?’ కుళాయి లీటర్లను నింపదు, తొట్టిని నింపుతుంది. దిద్దాను. ‘ఎన్ని’ ఏమిటి? లీటర్లా, తొట్లా? పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
6.30. అమ్మాయి జవాబు 168. అక్షరదోషాలు లేవు. టిక్కు పెట్టాను.
చేసినవి: ఒకటి.

మంగళవారం, సాయంత్రం 5.00
168 తప్పట. టీచరు నా టిక్కును కూడా కొట్టేసి పంపారు. ఇకపై భాషలో వేలు పెట్టను. ఎర్ర కలం పక్కింటి దర్జీకి ఇచ్చి, నేనడిగినా ఇవ్వొద్దన్నాను.
5.20. సైకిలు లెక్క. ‘అదే చొప్పున 9 గంటలకు ఎంత దూరం?’
“చొప్పున అంటే ఏంటి నాన్నా?” అంది అమ్మాయి.
మంచి ప్రశ్న. చొప్పు అంటే అడుగుజాడ అని మొదలుపెట్టాను. జాడ నుంచి తీరు, తీరు నుంచి వంతు.
6.40. అమ్మాయి పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయింది.
చేసినవి: సున్న. ఆ పదం మాత్రం బాగా తెలిసింది. నాకు.

బుధవారం, సాయంత్రం 5.30
బకాయితో కలిపి ఈ రోజు 29 చేయాలి. గంటకు ఏడు చొప్పున ఎంతసేపు పడుతుంది? నాలుగు గంటల ఎనిమిదిన్నర నిమిషాలు, దగ్గరదగ్గరగా. ఆ దగ్గరదగ్గర తేలేసరికి ఏడయింది. పైగా కళ్లు మంట.

గురువారం, ఉదయం 8.00
దర్జీ కలం తిరిగి ఇచ్చేశాడు. దాంతో ఎవరి తెల్ల చొక్కా మీదో గీతలు గీశాడట, పోవడం లేదట. నా కలం కాబట్టి తప్పు నాదట.
సాయంత్రం 6.00. కలం ఇంట్లో ఉంది, నేనేం చేయను? అధ్యాయం మొత్తం దిద్దాను. తప్పులు 41. అమ్మాయికి ఇప్పుడు లెక్కలు కనబడటం లేదట, అంతా ఎరుపేనట.

శుక్రవారం, సాయంత్రం 5.15
అమ్మాయి పుస్తకం మూసేసి, తనే లెక్క చెప్పింది. అమ్మ రోజుకు నాలుగు తిట్ల చొప్పున తిట్టేదట. అయిదు నెలలకు ఎన్ని మిగిలిపోయాయి?
తనే చేసింది. నెలకు ముప్ఫై రోజులు, ఆరువందలు.
సరిగ్గా ఉంది. నేను దిద్దలేదు.

సోమవారం, సాయంత్రం 6.00
పద్నాలుగు. ఒక్క మార్కు తక్కువ. వదినగారు సంచీతో సహా వచ్చారు, జవాబు పత్రం తెమ్మన్నారు.
ఆఖరి ప్రశ్న: ‘ముగ్గురున్న ఇంట్లో రోజుకు 6 కప్పుల పాలు కావాలి. ఒకరు వెళ్లిపోతే అదే చొప్పున ఎన్ని కావాలి?’
అమ్మాయి రాసింది: ‘ఆరే. మా నాన్న ఇప్పటికీ ముగ్గురికే పోస్తారు.’
సున్న వేశారు.
వదినగారు చాలాసేపు చదివారు. నిజమేనా అని నన్నడిగారు. వాక్యంలో తప్పేమీ లేదన్నాను.
“నేనడిగింది వాక్యం గురించి కాదు మరిదిగారూ” అన్నారు.
తర్వాత సంచీ భుజానికి తగిలించుకున్నారు.
“పిల్ల ఇక్కడే ఉండనీండి. దానికంటే మీకే లెక్కలు రావడం లేదు.”

సాయంత్రం 7.00
కొత్త నిర్ణయం: రేపటి నుంచి రోజుకు రెండు లెక్కలు. అమ్మాయి చెబుతుంది, నేను చేస్తాను.
మొదటిది ఇప్పుడే ఇచ్చింది. ఇద్దరికి పాలు ఎన్ని కప్పులు?
జవాబు తెలుసు. రేపటి దాకా గడువు అడిగాను.