పొలంలో ఇల్లు, నోటికి తాళం

గురువారం, ఉదయం 6:10

తీర్మానం! ఈ నాలుగు రోజులూ "నేను ముందే చెప్పాను" అనే మాట నా నోట్లోంచి రాదు. మూడే మాటలు. మూడు మాటలు మింగలేనా?

కారణం రాసి పెట్టుకోవాలి, లేకపోతే మర్చిపోతాను. రెండేళ్ళ కిందట చెల్లి తన మొక్కల దుకాణం మూసేసిన రోజు, షట్టర్ ఇంకా సగంలో ఉండగానే ఆ మాట అనేశాను. ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు తనే పొలాల మధ్య పాత ఇల్లొకటి అద్దెకు తీసుకుని, రెండు కుటుంబాలూ కలిసి వెళదామంది. షరతు ఒకటే. "ఆ మాట ఒక్కసారి అన్నావంటే ఇదే మనకి ఆఖరి ట్రిప్పు అన్నయ్యా." నవ్వుతూనే అంది కానీ నవ్వులాటకు అనలేదు.

మా ఆవిడ: "మీ నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగు రోజులే!"

చూద్దాం! లిఫ్టులు తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఏది ఎప్పుడు తెగుతుందో, ఎక్కడ ఊడుతుందో చెప్పినందుకే జీతం. సెలవంటే సెలవే. చెప్పను.

మధ్యాహ్నం 1:30

చేరాం. చెల్లి కూతురితో కలిపి ఐదుగురం, చెల్లి కారులో. ఇల్లు బ్రహ్మాండం! రాతి గోడలు, పెంకుల కప్పు, పెరట్లో చేతిపంపు. గుమ్మం మాత్రం పొట్టి. మా బావ, అంటే చెల్లి మొగుడు, ఆరడుగుల మనిషి. గమనించాను. ఏమీ అనలేదు.

1:32

ఠంగ్!

అప్పుడూ ఏమీ అనలేదు. ఊరికే గుమ్మం వైపు ఒకసారి, బావ నుదురు వైపు ఒకసారి చూశాను. "చూపుతో అన్నావు అన్నయ్యా," అంది చెల్లి. చూపు లెక్కలోకి రాదు.

సాయంత్రం 4:20

చెల్లి కారును పెరట్లో పల్లంలో పెట్టింది. మెత్తటి నేల. పైన మబ్బు. వాన పడితే చక్రాలు దిగబడడం ఖాయం. చెబుదామని నోరు తెరిచాను. ఆగాను. ఇప్పుడు చెబితే, దిగబడ్డాక "ముందే చెప్పాను" అనకుండా ఉండగలనా? ఉండలేను. కాబట్టి అసలు చెప్పకపోవడమే క్షేమం. ఏం తెలివి నాది! ఇక్కడ రాసుకుంటాను. రాస్తే అన్నట్టు కాదు.

శుక్రవారం, ఉదయం 7:00

నియమాల్లో చిన్న సవరణలు.
మనసులో అనుకోవచ్చు.
దగ్గవచ్చు.
"నేనేమన్నా అన్నానా?" అనవచ్చు. అది ప్రశ్న.

10:15

బావ పొయ్యిలో తడి కట్టెలు పెట్టాడు. పొగ గొట్టంలోంచి పోవలసిన పొగంతా వంటింట్లోకి వచ్చింది. ఐదుగురం పెరట్లో నిలబడి దగ్గాం. అందరి దగ్గులో నా దగ్గు కలిసిపోయింది. అదృష్టవంతుణ్ణి.

మధ్యాహ్నం 2:40

బావ అటక మీదికి నిచ్చెనెక్కాడు. మూడో మెట్టు చీలి ఉంది. పొద్దున్నే చూశాను. కాలు పెట్టగానే విరిగింది. కిందనే ఉన్న మెట్టు గనక సరిపోయింది, లేకపోతే నడుం విరిగేది.

మా ఆవిడ నా మొహం చూసింది. "ఆ మెట్టు సంగతి మీకు ముందే తెలుసు కదూ?"

"నేనేమన్నా అన్నానా?"

"అదే అడుగుతున్నా. ఎందుకనలేదు?"

తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

సాయంత్రం 5:50

వాన మొదలైంది. చెల్లి వసారాలో ఉన్న పూలకుండీలను ఒక్కొక్కటే వానలోకి జరుపుతోంది. దుకాణంలోనూ ఇలాగే చేసేది. నాకా దుకాణం ఎంత ఇష్టమో! ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు చుట్టు తిరిగి మరీ ఆ వీధిలోంచే వచ్చేవాణ్ణి. నడవదని తెలుసు. నడిస్తే బావుండునని రోజూ అనుకునేవాణ్ణి. ఆ రోజు ఏడుపొస్తుంటే ఆపుకోలేక నోటికొచ్చింది అనేశాను. అనకూడని మాట. పొరపాటు నాదే.

కారు ఇంకా పల్లంలోనే ఉంది.

శనివారం, ఉదయం 9:05

దిగబడింది! నాలుగు చక్రాలూ! చెల్లి స్టీరింగు పట్టుకుంది, మేం ముగ్గురం తోశాం. చక్రం తిరిగింది, కారు కదల్లేదు. బురదంతా నా మొహాన.

9:20

అనేశాను.

ఒక్కసారి కాదు. గుమ్మానికి ఒకటి, కట్టెలకు ఒకటి, మెట్టుకు ఒకటి, కారుకు రెండు. "నేను ముందే చెప్పాను! ముందే చెప్పాను!" గొంతు పొలం అవతలి దాకా వినిపించి ఉంటుంది. చెల్లి ఇంజను ఆపేసి కారు దిగింది. మొహం, ఆ షట్టర్ రోజు మొహం.

మేనకోడలికి తొమ్మిదేళ్ళు. అదే మాట్లాడింది. "ఎప్పుడు చెప్పావు మామయ్యా? నువ్వేం చెప్పలేదుగా!"

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేనా, ఊరుకోవడమా? సాక్ష్యం ఉంది! లోపలికి పరిగెత్తి ఈ డైరీ తెచ్చి, గురువారం పేజీ తీసి చెల్లి చేతిలో పెట్టాను. "చూడు! సాయంత్రం నాలుగూ ఇరవై! టైముతో సహా!"

చదివింది. పేజీ తిప్పింది.

"అది అక్కర్లేదు. ఇలా ఇచ్చెయ్."

ఇవ్వలేదు. శుక్రవారం దాకా వెళ్ళింది. 5:50 దగ్గర ఆగిపోయింది. డైరీకున్న నా బురద అంటిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"ఇది ముందే చెప్పొచ్చు కదా అన్నయ్యా."

నాకూ ఏడుపొచ్చింది. కంట్లో మట్టి పడిందన్నాను. ఎవరూ నమ్మలేదు.

11:40

ఇంటి యజమాని, పక్క పొలం పెద్దాయన, ట్రాక్టరు తెచ్చాడు. తాడు చూశాను. పాతది, పీచు లేచింది. తాళ్ళ సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఈసారి ముందే, అందరికీ వినపడేలా చెప్పాను. "ఆ తాడు తెగుతుంది."

"తెగదులే," అంది చెల్లి.

తెగలేదు. కారు కిక్కురుమనకుండా బయటికొచ్చింది. చెల్లి నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"నేను ముందే చెప్పాను."

ఆ మాట వినేవాళ్ళకి ఎంత మంటగా ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది. మంటగా ఉన్నా నవ్వొచ్చింది. తనూ నవ్వింది.

ఆదివారం, ఉదయం 6:10

కొత్త తీర్మానం! చెప్పవలసింది ముందే చెబుతాను. జరిగాక నోరెత్తను. ఈసారి ఖాయం.

6:15

మొదలుపెట్టేశాను. చెల్లి చేతిపంపు దగ్గర కనిపించింది. "నువ్వు మళ్ళీ దుకాణం తెరిస్తే రోజూ వస్తాను," అన్నాను. నడుస్తుందా నడవదా అనలేదు.

"డైరీలో రాసి సంతకం పెట్టు," అంది.

పెట్టాను.

6:20

బావ నిద్రకళ్ళతో వస్తున్నాడు. గుమ్మం! "బావా, తల!" అని అరిచాను. ముందే!

"ఏంటీ?" అని తలెత్తాడు.

6:21

ఠంగ్!

6:22

అనేశాను. ఈసారి నిజంగానే ముందే చెప్పాను కదా!

తీర్మానం సోమవారం నుంచి.